చాచిన చేతులు

ఎనభైల మొదట్లో సంగతి. నర్సు డ్యూటీ దిగి, తెల్లచీరతోనే గాజువాక బస్సెక్కాను. ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ పక్కన ఒక ముసలాయన, మధ్యలో ఆయన కూతురు. నేను చివర కూర్చోగానే ఆయన రెండు మణికట్లూ జతచేసి నా ముందుకు చాచాడు.

"ఏటనుకోకమ్మా" అంది కూతురు. "ఆస్పత్రి నుంచి తెచ్చిన కాడ్నుంచి తెల్లసీర కనపడితే సాలు, మా అయ్య ఇలాగే సేత్తన్నాడు. ఎందుకో మీకేటైనా తెలుసా?"

"తెలీదమ్మా" అన్నాను.

మతి తప్పిన ముసలివాళ్లు మంచం మీంచి పడిపోతారని, మా వార్డులో వాళ్ల చేతులు బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టేసేవాళ్లం. పడిపోతారన్నది పైకి చెప్పే మాట. మాటిమాటికీ లేచి మమ్మల్ని పిలుస్తారన్నది అసలు సంగతి. ఊడని ముడి వేస్తానని నాకు పేరు కూడా ఉండేది.

కూతురు ఆయన చేతులు దించింది. ఆయన మళ్లీ చాచాడు. నా స్టాపు రాకముందే దిగిపోయాను.

ఆయన మా వార్డులో ఉన్న మనిషో కాదో ఇప్పటికీ చెప్పలేను. ముడి వేసేటప్పుడు నేను ఎవరి ముఖమూ చూసేదాన్ని కాదు.