కాగితం వద్దు, మనిషిని రమ్మను

మా ఇంటి ఓనరు మా కింద అంతస్తులోనే ఉండేవాడు. ఆయన తలుపుకీ మా తలుపుకీ మధ్య పంతొమ్మిది మెట్లు. ఏడాదిన్నరలో ఆ మెట్ల మీద నేను ఆయనతో మాట్లాడింది రెండే మాటలు. ఎదురైతే "హలో", దాటిపోతే "చూస్", అంటే వెళ్ళొస్తానని. నేర్చుకున్న మిగతా జర్మన్ అంతా నా డైరీలో భద్రంగా ఉండేది.

ఆ వేసవిలో నాకు ఆయనతో పని పడింది. కాట్‌బస్‌లోని ఆ రెండు గదుల ఇల్లు నా రూమ్మేట్ పేరు మీద ఉంది. ఆమె గుజరాతీ అమ్మాయి. చదువు పూర్తయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం వచ్చింది. నెలాఖరుకు వెళ్ళిపోతోంది. ఇంటి కాంట్రాక్టు నా పేరు మీదికి మారితే నేను అక్కడే ఉండొచ్చు, లేకపోతే ఆమెతోపాటు నేనూ ఖాళీ చెయ్యాలి. థీసిస్ సగంలో ఉంది. కొత్త బ్యాచ్ దిగే ముందు కాట్‌బస్‌లో గది దొరకడం కష్టం. ఇల్లు లేకపోతే ఆ ఊళ్ళో ఉంటున్నట్టు నమోదు పత్రం, అన్మెల్డుంగ్, ఉండదు. అది లేకపోతే వీసా పొడిగించరు. ఇదంతా ఆగిపోయింది నేను అడగవలసిన ఒకే ఒక్క వాక్యం దగ్గర.

నేను ఉత్తరం రాశాను.

ఇందులో నాకేమీ తప్పు కనిపించలేదు. ఇది ఉత్తరాల దేశం. జిమ్ మానేయాలన్నా ఉత్తరం, పక్కింటివాళ్ళు గోడకు మేకు కొట్టినా ఉత్తరం. మా మెట్ల దగ్గరి నోటీసు బోర్డు మీద సైకిళ్ళ గురించి ఒకాయన రాసిన చీటీ నా కంటే సీనియరు. నాలాంటి మనిషికి ఇంత అనువైన దేశం ఇంకోటి ఉండదని డైరీలో రాసుకున్నాను కూడా. నాలుగు చిత్తుప్రతులు రాసి, ఐదోదాన్ని మంచి కవరులో పెట్టి, నా రూమ్మేట్‌కి ఇచ్చాను.

"నువ్వు కిందికి వెళ్ళినప్పుడు ఆయనకి ఇచ్చెయ్యవా?"

"ఆయన కిందే కదా ఉంటాడు?"

"అందుకే. నువ్వు రోజూ మాట్లాడతావు కదా."

ఆమె నా ముఖం చూసి, కవరు చూసి, "సరే యార్" అని బ్యాగులో పడేసుకుంది. మా ఇద్దరిదీ హిందీయే. ఆమెది గుజరాత్ నుంచి, నాది హైదరాబాద్ నుంచి వచ్చిన హిందీ కాబట్టి అప్పుడప్పుడూ మధ్యలో ఇంగ్లిషు వచ్చి రాజీ కుదిర్చేది.

వారం గడిచింది. జవాబు రాలేదు. ఓనరు ఎప్పటిలాగే బాల్కనీలో టమాటా మొక్కలకు నీళ్ళు పోస్తూ కనిపించేవాడు. నేను ఎప్పటిలాగే "హలో" అనేదాన్ని. ఆయన నా వంక కొంచెం ఎక్కువసేపు చూస్తున్నాడనిపించి, మెట్లు ఇంకాస్త గబగబా ఎక్కేసేదాన్ని.

అదే రోజుల్లో యూనివర్సిటీలో ఇండియన్ స్టూడెంట్ల సాయంత్రం ఒకటి పెట్టారు. ఒక్కో రాష్ట్రం నుంచి ఒక్కో మహానుభావుడు, పది నిమిషాల ప్రసంగం, తర్వాత బిర్యానీ. నిర్వాహకుడు కరీంనగర్ అన్న. కాట్‌బస్‌లో ఎవరికి ఏం కావాలన్నా ఆయనకే ఫోన్ చేసేవాళ్ళు. గుజరాత్ తరఫున నా రూమ్మేట్ తమ ఊరి రాజుగారి పేరు ఇచ్చింది. ఆయన కవి. చిన్న సంస్థానం, పెద్ద పేరు. నలభై నిండకుండానే పోయాడు. బతికినన్నాళ్ళూ తన రాణి మీద విరహగీతాలు రాశాడు. ఊళ్ళో విగ్రహం ఉంది, బళ్ళో పాఠం ఉంది, ఏటా జయంతి ఉంది.

"పద్యాలు నేను చదువుతా. జీవితం, వారసత్వం మీద నువ్వు మాట్లాడు," అంది.

"నేనా? నాకు గుజరాతీ రాదు."

"పుస్తకాలు చదివేది నువ్వే కదా. నేను ఎనిమిదేళ్ళు వరసగా ఆ జయంతికి తెల్ల డ్రెస్సు వేసుకుని నిలబడ్డా. నా వంతు అయిపోయింది."

కాదనడానికి నోరు తెరవాలి. తెరవలేదు. దాంతో ఒప్పుకున్నట్టయింది.

లైబ్రరీ వాళ్ళు వేరే ఊరి నుంచి ఆయన జీవితచరిత్ర ఇంగ్లిషులో తెప్పించి ఇచ్చారు. మొదలుపెట్టాక ఆపలేకపోయాను. రాజుగారు నాలాంటివాడు! దర్బారులో నాలుగు మాటలు మాట్లాడాలంటే చెమటలు పట్టేవట. రాణితో ఎదురుగా కూర్చుంటే మాట పెగిలేది కాదట. అందుకని పద్యం రాసి దాసితో పంపేవాడు. ఆయన గదికీ రాణివాసానికీ మధ్య ఒక్క వసారా. ఆ వసారా ఎన్ని అడుగులో కూడా జీవితచరిత్రకారుడు కొలిచి రాశాడు. అంత దగ్గరలో ఉండి ఆమె ఏనాడూ జవాబివ్వలేదు. ఆ నిర్దయ నుంచే ఆయన కవిత్వం పుట్టిందని పుస్తకం చెప్పింది. కొన్ని పద్యాల్లో మధ్యమధ్య మాటలు లేవు, చుక్కలున్నాయి. ఆ చుక్కల మీద ఒక అధ్యాయమే ఉంది. మాటలు చాలని చోట కవి మౌనాన్ని ఆశ్రయించాడట. నేను ఆ అధ్యాయం చదివి కళ్ళు తుడుచుకున్నాను. డైరీలో రాణిని తిట్టాను.

ప్రసంగం సిద్ధం చేసి వంటింట్లో రూమ్మేట్‌కి వినిపించాను. ఆమె వాళ్ళ మెంతి రొట్టెలు, థేప్లాలు వత్తుతోంది. చుక్కల దగ్గరికి వచ్చేసరికి కర్ర పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది.

"మౌనమా? అది ముక్కపురుగు యార్!"

"ఏంటి?"

"పద్యాలు పట్టుకెళ్ళిన దాసి ఎవరనుకుంటున్నావు? మా నానమ్మకు నానమ్మ. పుస్తకంలో ఆమె పేరుందా?"

లేదు. 'ఒక దాసి' అని ఉంది.

"మొదటి రెండు మూడు పద్యాలు ఇచ్చిందట. రాణిగారు చదివి, 'ఇంక కాగితాలు తేవద్దు, మనిషిని రమ్మను' అందట. ఆ మాట రాజుగారికి ఎలా చెప్తుంది? కోపం వస్తే? ఏడిస్తే? అందుకని చెప్పలేదు. ఆయన ఇస్తూనే ఉన్నాడు, ఈమె తీసుకుంటూనే ఉంది. అన్నీ ఇంటికి తెచ్చి సజ్జల కాగులో దాచిపెట్టింది. పారేద్దామంటే భయం, రాజుగారి చేతిరాత కదా."

"మరి పుస్తకంలో తాళం వేసిన చందనం పెట్టెలో దొరికాయని ఉందే?"

"రాజుగారు పోయాక దర్బారు వాళ్ళు వెతుకుతుంటే మా ముసలమ్మే తెచ్చి ఇచ్చింది. చందనం పెట్టె తర్వాత చేయించారు, మ్యూజియం కోసం. సజ్జల్లో ఉన్నన్నాళ్ళూ పురుగు తిన్నంత తింది. రాణిగారికి అందినవి ఎక్కడ పోయాయో ఎవరికీ తెలీదు. అందనివే మిగిలాయి. ఇప్పుడు బళ్ళో పిల్లలు బట్టీ పట్టేది అవే."

నాకు నోట మాట రాలేదు. నాకు అది మామూలే అయినా, ఈసారి కారణం వేరు.

"మరి రాజుగారు ఒక్కసారైనా స్వయంగా వెళ్ళలేదా?"

"ఏమో. మా ముసలమ్మకి మధ్యలో పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయింది, రాజుగారు పోయాకే మళ్ళీ వచ్చింది. మా ఇంట్లో కథ అక్కడితో సరి." మళ్ళీ కర్ర అందుకుంది. "పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? అటు చెప్తే ఆయన బాధపడతాడు, ఇటు తీసుకెళ్తే ఆవిడ తిడుతుంది." అంటూ ఎందుకో నా వైపు చూసి, వెంటనే పిండి వైపు తిప్పేసుకుంది చూపు.

ఆ సాయంత్రం నేను పుస్తకంలోని కథే చెప్పాను. పురుగుల సంగతి కాగితం మీద రాసుకున్నాను కానీ, అక్కడికి వచ్చేసరికి పేజీ తిప్పేశాను. అంతమంది ముందు ఒక మహాకవి మౌనాన్ని ముక్కపురుగుకు అప్పజెప్పే ధైర్యం నాకు లేదు. తల ఎత్తకుండా, రాణి నిర్దయ, కవి వేదన, చుక్కల గాంభీర్యం అన్నీ వరసగా చదివేశాను. చప్పట్లు బాగానే వచ్చాయి. మొదటి వరసలో నా రూమ్మేట్ మాత్రం నవ్వాపుకోలేక దుపట్టా నోట్లో కుక్కుకుంది. వెనక వాళ్ళు ఏడుస్తోందనుకున్నారు.

అన్న బిర్యానీ ట్రేలు సర్దుతూ నా దగ్గరికి వచ్చాడు. ప్రసంగం జరిగినంతసేపూ ఆయన బయట ఫోన్లో రైతా గురించి గొడవపడుతున్నాడని నాకు తెలుసు.

"ఏం చెప్పినవ్ చెల్లె! పానం కదిలింది. గా రాణికి అసలు మనసే లేకపాయె!"

"థాంక్సన్నా."

"అవుగని, మీ ఇల్లు ఖాళీ అయితుందట గద? మీ ఓనరు మొన్న నెట్టో సూపర్ మార్కెట్ కాడ కలిసిండు. రేపు నాలుగింటికి ఎవరో జంట సూడనీకి వస్తున్నరని చెప్పిండు. నువ్వు యాడికి పోతున్నవ్?"

చేతిలో ప్లేటు పక్కన పెట్టేశాను.

"నేను ఎక్కడికీ పోవట్లేదన్నా. నేనే ఉంటానని ఆయనకి ఉత్తరం రాశాను."

"ఉత్తరమా?" అన్న గరిటె ఆపాడు. "ఆయన మీ కిందనే ఉంటడు గద చెల్లె!"

మరునాడు మధ్యాహ్నం రూమ్మేట్ సామాను సర్దుతోంది. వంటింటి సొరుగు నేను ఖాళీ చేస్తున్నాను. పిజ్జా షాపుల కాగితాలు, కెచప్ ప్యాకెట్లు, పాత చాప్‌స్టిక్కులు, వాటి కింద నా కవరు. మంచి కవరు. అంటించింది అంటించినట్టే ఉంది.

నేను దాన్ని పట్టుకుని ఆమె గది గుమ్మంలో నిలబడ్డాను. ఆమె నన్ను చూసి సూట్‌కేసు మీద కూర్చుండిపోయింది.

"ఇచ్చాను. ఒట్టు. ఆ రోజే ఇచ్చాను. ఆయన తీసుకోలేదు. 'ఎవరు రాశారు? పైన ఉండే రెండో అమ్మాయా? నా నెత్తి మీదే నడుస్తుంది కదా, కాళ్ళు బాగానే ఉన్నాయి కదా, రమ్మను' అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు మూడు రోజులు గదిలోంచి బయటికి రావు. నేనే ఎలాగో ఆయన్ని ఒప్పిద్దామనుకున్నా. రెండుసార్లు అడిగా. మళ్ళీ అదే మాట." తల వంచుకుని అంది. "మా వంశంలోనే ఉంది యార్ ఇది."

నాకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. అప్పటికి టైము మూడుంపావు. నాలుగింటికి జంట వస్తారు.

"నేను కూడా రానా?" అంది.

"వద్దు."

కవరు జేబులో పెట్టుకుని తలుపు తీశాను. పుస్తకంలో ఆ వసారా పొడుగు చదివినప్పుడు, ఇంత చిన్న దూరం నడవలేకపోయాడా అని నాకు రాజుగారి మీద జాలి కలిగింది. ఏడో మెట్టు మీద ఆ జాలి పోయింది. పన్నెండో మెట్టు మీద ఆగిపోయి, కాంట్రాక్టు అనే జర్మన్ మాట ముందు 'డెర్' వస్తుందా 'డాస్' వస్తుందా అని ఆలోచిస్తున్నట్టు నటించాను. చూసేవాళ్ళెవరూ లేరు. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను కూడా. పైన గుమ్మంలో రూమ్మేట్ నీడ కనబడింది. కిందికే దిగాను.

బెల్లు కొట్టాను. ఓనరు ఇంటి చెప్పులతో వచ్చాడు. చేతిలో టమాటాలు కోసే చిన్న కత్తెర. రిటైరైన రైల్వే మనిషి. తలుపు తీసి నిలబడ్డాడు. సాయం చెయ్యలేదు. "హలో" కూడా నేనే అనాలన్నట్టు చూశాడు.

"హలో," అన్నాను. తర్వాత, నాలుగు చిత్తుప్రతుల్లోని ఒక్క మాట కూడా గుర్తు రాక, "నేను ఇక్కడ ఉండాలి. ఇల్లు నాకు కావాలి. దయచేసి ఆ జంటకు ఇవ్వకండి," అన్నాను. క్రియలన్నీ తప్పు చోట పడ్డాయి. 'దయచేసి' రెండుసార్లు వచ్చింది.

ఆయన కత్తెర పక్కన పెట్టాడు.

"మీకు మాటలు వచ్చన్నమాట! ఏడాదిన్నరగా నేను ఏదో తప్పు చేశాననుకుంటున్నాను. నన్ను చూడగానే మీరు పరుగెత్తేవారు."

"లేదు. నాకు భయం."

"నేనంటేనా?"

"అందరంటే."

ఆయన దాని గురించి కొంచెంసేపు ఆలోచించాడు. వాషింగ్ మెషీన్ ఆదివారం వెయ్యనని మాటిస్తానా అని అడిగాడు. ఇచ్చాను. సెలవులకు ఆయన కూతురి దగ్గరికి వెళ్తే మొక్కలకు నీళ్ళు పోస్తానా అన్నాడు. పోస్తానన్నాను. మెట్ల మీద కనబడినప్పుడు ఒక్క నిమిషం ఆగి వాతావరణం గురించి మాట్లాడాలన్నాడు. ఇది మిగతా రెండిటికంటే కష్టం, అయినా సరేనన్నాను.

"అయితే మంచిది. ఆ జంటకు ఫోన్ చేసి రావద్దని చెప్తాను. ఇల్లు మీదే." తలుపు సగం వేసి, మళ్ళీ తెరిచాడు. "కానీ ఇదంతా నాకు రాతపూర్వకంగా కావాలి. కాగితం లేకుండా ఏదీ కుదరదు."

జేబులోంచి కవరు తీసి ఇచ్చాను.

ఆయన ఆశ్చర్యంగా చూసి, లోపలికి వెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకుని, అక్కడే గుమ్మంలో నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి ఒక చోట కామా పెట్టాడు. తర్వాత పైన రాసిన తేదీ దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇది మూడు వారాల కిందటి ఉత్తరం."

"అవునండీ. దారిలో ఆలస్యమైంది."

ఆయన, తనే వెనక్కి పంపిన సంగతి గుర్తే లేనట్టు తల ఊపి, ఈ దేశంలో ఇక ఏదీ బాగుపడదన్నట్టు నిట్టూర్చాడు.

"ఈమధ్య మా పోస్టు అంతే."