బాలాజీ తీసేసిన లైను

భాగ్యశ్రీని హిందూపురం ఆఫీసులోంచి తరిమేశారని ధర్మవరమంతా చెప్పుకుంటున్నారు. ఆ పిల్లకు లెక్కలు రావని, బెంగళూరు కంపెనీ నెట్టు ఆమె వల్లే పాడైందని కూడా అంటున్నారు. అంతా అబద్ధం. ఎవరూ తరమలేదు, తనే లేచి వచ్చేసింది. ఎందుకొచ్చిందో అడక్కుండా నోటికొచ్చింది వాగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆమె మగ్గం నేసే ఆదెప్ప కూతురు. ఎంసీఏ చదివి, 2008లో రవికుమార్ హిందూపురంలో పెట్టిన చిన్న కంప్యూటర్ ఆఫీసులో చేరింది. రోజూ ధర్మవరం నుంచి రైల్లోనే రాకపోకలు. పక్కన కూర్చుంటే ఆఫీసు పని మొత్తం చెప్పిగానీ వదలదు. నాకూ అట్లాగే తెలిసింది.

నెట్టులో ప్రతి కంప్యూటరుకూ ఒక అడ్రసు నంబరు ఉంటుందట. అది చూసి ఎవరికి నెట్టు ఆపాలో తేల్చే ప్రోగ్రామును బెంగళూరు కంపెనీ కోసం ఈమె రాసింది. కొత్తరకం అడ్రసు మరీ పొడుగు, నూట ఇరవై ఎనిమిది బిట్లు. బిట్టంటే ఒకటో సున్నానో, అంతే. వాళ్ల మెషీను ఒక్కసారికి ముప్పై రెండే పట్టుకుంటుంది. అందుకని ఈమె ఆ నంబరును నాలుగు ముక్కలు చేసి పక్కపక్కన పెట్టింది. నంబరంతా ఎడమకు జరిపితే, ఒక ముక్క అంచున జారిపోయే బిట్లను పక్క ముక్క అందుకోవాలి. అట్లాగే రాసింది. జరపాల్సింది సున్నా అయితే మాత్రం ఏ ముక్కనూ ముట్టుకోవద్దని ఇంకో లైను పెట్టింది. ముట్టుకుంటే పక్క ముక్క మొత్తం వచ్చి దీంట్లో కలిసిపోతుందట.

ఆఫీసులో బాలాజీ అని ఒక సీనియర్. కంపెనీలకు పంపించే ముందు అందరి పనీ తెరిచి లైన్లు తగ్గించడం ఆయన గొప్ప. సున్నా జరపడానికి ఒక లైనెందుకని దాన్ని తీసేశాడు. ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. బెంగళూరులో అడ్రసులు కలగలిసిపోయి, ఒకరికి ఆపాల్సిన నెట్టు ఇంకొకరికి ఆగిపోయింది.

రవికుమార్ ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"భాగ్యా, బెంగళూరోళ్లు ఫోన్లో ఉండారు. తప్పు నాదే అని ఒక్క మాట చెప్పమ్మా. నీ ఉద్యోగం నీకుంటాది."

"నాది కానిది నేనెందుకు చెప్పల్ల సార్? లైను తీసిన మనిషి మీ పక్కనే కూచోనుండాడు."

"ఆయప్ప పేరు చెడితే ఆఫీసు పేరు చెడతాదమ్మా."

"నా పేరేమన్నా రోడ్డు మీద దొరికిందా సార్?"

బాలాజీ నవ్వాడు. "ఏమప్పా రవీ, ఈ పిల్ల సున్నా కోసరం కొట్లాడతాండాదే!"

"ఆ సున్నా తెలీకనే కదప్పా నువ్వు మునిగింది. నన్నెందుకు ముంచుతావు?"

ఆమే ఫోను తీసుకుంది. లైను పెట్టింది తానని, తీసింది బాలాజీ అని, మళ్లీ ఎక్కడ పెట్టాలో కూడా బెంగళూరు వాళ్లకు చెప్పింది. ఫోను పెట్టేసి, బ్యాగు తగిలించుకుని నేరుగా స్టేషనుకు నడిచింది. ఆ లైను పెట్టాక అక్కడ అంతా సరైపోయింది. ఇక్కడ మాత్రం తరిమేశామని ఆఫీసు వాళ్లే పుకారు లేపారు. సిగ్గులేని జనం!

ఇప్పుడు పెనుకొండ బస్టాండు వెనక ఒక గదిలో కంప్యూటర్ నేర్పిస్తోంది. పుకారు అక్కడికీ పోయింది. "తరిమేసినామె కాడ ఏం నేర్చుకుంటావే?" అని హనుమంతప్ప తన కూతురు పవిత్రను మాన్పించాడు. వెనకే ఇంకొందరు మానేశారు. మొన్న నేను పోయేసరికి ఖాళీ కుర్చీల మధ్య ఒక్కతే కూర్చుని ఉంది.

పెనుకొండ వైపు పోయేవాళ్లు ఒకసారి ఆ గదిలోకి తొంగిచూడండి. కోపంగానే మాట్లాడుతుంది, మాట్లాడనీయండి. కుర్చీ లాక్కుని కాసేపు కూర్చుని, తిన్నదో లేదో కనుక్కుని రండి.