రేపటి వాయిదాల కాగితం

బాన్సువాడ కోర్టు ఎదుటి సందులో ఒక వకీలు సారు దగ్గర నేను ఆరేళ్లు టైపిస్టుగా పనిచేశానని మావాళ్లందరికీ తెలుసు. అక్కడ ఒక అవ్వ భూమి నా చేతి వల్ల పోయిందని మాత్రం ఎవరికీ తెలియదు. కూరగాయల ధర మొదలుకొని చదివిన నవలలో నచ్చిన వాక్యం దాకా అన్నీ రాసుకునే నా డైరీకి కూడా ఆ సంగతి చెప్పలేదు. ఇన్నేళ్లకు ఇప్పుడు చెప్పాలనిపించడానికి కారణం మొన్న నా ఫోనుకు వచ్చిన ఒక సందేశం. మా ఇంటి హద్దు తగాదా ఒకటి కోర్టులో ఉంది. దాని వాయిదా ఫలానా రోజున అని కోర్టే నేరుగా నాకు తెలియజేసింది. తడిచేయి కొంగుకు తుడుచుకొని అది చదివి, వంటింట్లోనే పీట మీద కూర్చొని ఇంకోసారి చదివాను.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్లలో కంప్యూటరుకు ఎంత మర్యాద ఉండేదో మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. దానికి గుడ్డ కప్పేవాళ్లం, చెప్పులు బయట విడిచి ఆ గదిలోకి వెళ్లేవాళ్లం. అంతవరకు మా ఆఫీసంతా, అందరం కాక అని పిలుచుకునే గుమాస్తా ఎర్ర అట్ట పుస్తకంలో ఉండేది. సాయంత్రం కోర్టు నుంచి రాగానే ఏ కేసు ఏ రోజుకు పడిందో అందులో ఎక్కించేవాడు. కక్షిదారులు వాయిదాకు వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్నంత ఇచ్చిపోయేవారు, లేనివాళ్లు రెండు సొరకాయలు పెట్టిపోయేవారు, అవీ లేనివాళ్లు దండం పెట్టిపోయేవారు.

హైదరాబాదులోని స్నేహితుడెవరో వకీళ్ల ఆఫీసులు నడిపే ప్రోగ్రాం ఒకటి సారుకు ఇచ్చాడు. అంతా ఇంగ్లిషే. పుస్తకాల పురుగునని ఆ పని నాకు అప్పగించారు. ఫీజు ఏ పద్ధతిలో తీసుకుంటారని అది మొదటే అడిగింది. గంటకింత అన్న పద్ధతి చదివి వినిపిస్తే కాక పడీపడీ నవ్వాడు. "గంటల లెక్కన తీస్కుంటే మనోళ్లు గోడ గడియారం ఇప్పుకపోతరు బిడ్డా!" రెండో పద్ధతి, కేసు మొత్తానికి కలిపి ఒకటే ఫీజు. "గిది గుత్తనే గదా, గిదే పెట్టు," అని సారు తేల్చేశారు.

నాలుగు రోజులు కూర్చొని బెయిలుకు ఇంత, విడాకులకు ఇంత, భూమి తగాదాకు ఇంత అని ఒక్కో రకానికి ఒక్కో గుత్త ఎక్కించాను. పాత కేసుల్లో చాలావాటిని ఇచ్చినదానితోనే సరిపెట్టమన్నారు సారు. చివర్లో అది ఇంకో ప్రశ్న వేసింది: ఫీజు పూర్తిగా ముట్టిన కేసులనే వాయిదాల జాబితాలో చూపాలా? నేను సారును అడగకుండానే అవునని నొక్కాను. మనుషుల ముఖం చూసి డబ్బులు అడగడం నాకు ప్రాణసంకటంగా ఉండేది. నా బదులు ఆ యంత్రం అడుగుతుందనుకున్నాను. అది అడగదు, పేరును దాచేస్తుందంతే. దాచిన పేర్లను వేరే చోట తెరిచి చూసుకోవాలని నాకు అప్పటికి తెలియదు.

రుద్రూర్ వైపు పల్లె నుంచి వచ్చే అవ్వ ఒకామె ఉండేది. పెనిమిటి పోయాక ఆమెకు మిగిలింది కాలువ కింద ముప్పై గుంటల మడి. పాలోళ్లు, అంటే పెనిమిటి దాయాదులు, అందులో కాలు పెట్టకుండా సారు కోర్టులో స్టే తెచ్చారు. ఆమె అప్పటికి సగం ఫీజే ఇచ్చింది, సారు సరిపెట్టమన్న కేసుల్లో ఆమెది లేదు. ఇక మీదట గుత్త అని నేను చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. "గట్లనా! మేం గుడ నాట్లు గుత్తకే పడతం బిడ్డా. మడి మొత్తం అయినంకనే పైసలు," అన్నది. మిగతా సగం కేసు అయ్యాక ఇవ్వవచ్చనుకొని సంతోషంగా వెళ్లిపోయింది. కాదవ్వా, ముందే కట్టాలని ఒక్కమాట చెప్పాల్సింది. నేను కంప్యూటరు వైపు తిరిగిపోయాను.

కాక పుస్తకాన్ని సారు మాన్పించారు. రోజూ సాయంత్రం రేపటి వాయిదాల కాగితం నేనే అచ్చు తీసి సారు బల్ల మీద పెట్టేదాన్ని. అవ్వ వాయిదా ముందురోజు తీసిన కాగితంలో ఆమె పేరు లేదు. మర్నాడు సారు వేరే కేసు మీద నిజామాబాద్ వెళ్లారు. ప్రతి వాయిదాకూ రానక్కర్లేదని సారే చెప్పి ఉండటంతో అవ్వ నాట్లలో ఉంది. కోర్టులో మూడుసార్లు పిలిచి, ఎవరూ పలక్కపోతే కేసు కొట్టేశారు. దానితోపాటే స్టే పోయింది. నాలుగో రోజున పాలోళ్లు ట్రాక్టరు దింపి, ఆమె వేసుకున్న నాటును దున్నేశారు.

సారు కాక మీద గట్టిగా అరిచారు. కాక నావైపు ఒకసారి చూశాడు. "యాదికి లేకపాయె సార్," అన్నాడంతే. పుస్తకం తన దగ్గర లేదని కూడా అనలేదు. నెల తిరక్కుండానే పని మానేశాడు. నేను ఆ సాయంత్రమే ప్రోగ్రాంలో అవునని నొక్కిన జవాబును కాదని మార్చి, యంత్రానికి గుడ్డ కప్పి ఇంటికి వెళ్లాను. కేసు మళ్లీ తెరిపించే అర్జీని నేనే టైపు చేశాను. అనారోగ్యం వల్ల హాజరు కాలేకపోయానని రాసి ఉన్న ఆ కాగితం మీద, ఏ జబ్బూ లేని అవ్వ వేలిముద్ర వేసింది. ఆ అర్జీ విచారణకు వచ్చేలోపే పాలోళ్లు మడిని వేరే ఊరివాళ్లకు అమ్మేశారు. వాళ్ల మీద కొత్తగా కేసు వేయాలని, అదెన్నేళ్లో చెప్పలేనని సారు చేతులు దులుపుకున్నారు.

ఇప్పుడు ఎవరి వాయిదా వాళ్ల ఫోనులోకే వస్తుంది. మధ్యలో ఒక పిల్ల బిడియం అడ్డం నిలబడే వీలు లేదు. మంచి కాలమే వచ్చింది. రావలసినవాళ్లకు మాత్రం వేళకు రాలేదు. కాక ఎక్కడున్నాడో కనుక్కునే ధైర్యం ఈనాటికీ లేదు నాకు.

ఆ ఏడు వరికోతలు అయిపోయాక అవ్వ ఒకసారి ఆఫీసుకు వచ్చింది. సారు లేరు. ఒకరి పొలాల్లో కోతకు పోయి సంపాదించిన నోట్లు కొంగుముడి విప్పి బల్ల మీద పెట్టింది. సరిగ్గా మిగతా సగం. నువ్వు రానందుకే కేసు పోయిందని అందరూ ఆమెకు చెప్పారు. ఆమె ఆ మాట నమ్మినట్టు లేదు. నేను తల ఎత్తకుండా రసీదు రాస్తుంటే, బల్ల మీదికి వంగి నాకు మాత్రమే వినపడేట్టు అడిగింది:

"మొత్తం ఇచ్చిన గదా బిడ్డా, ఇగనన్న నా పేరు పిలుస్తరా?"