పిన్ని ఏరు దాటిన వైనం

ఆ రోజుల్లో ఇంట్లో ఒకరికి కంప్యూటర్ ఉద్యోగం వచ్చిందంటే చాలు, బంధువుల కంప్యూటర్లన్నిటికీ వాళ్ళే ఆస్థాన వైద్యులు. బాపట్లలో ఇంజనీరింగు ముగించి తెనాలిలో ఓ చిన్న ఆఫీసులో చేరాను. నేను చేసే పనల్లా రైసుమిల్లుల ప్రోగ్రాములో అక్షరదోషాలు దిద్దడం. మా అమ్మ మాత్రం "మా అమ్మాయి సాఫ్ట్‌వేర్" అని చెప్పుకునేది (నేనే ఆ వస్తువునన్నట్టు). ఆ మాట విని రేపల్లె పిన్ని ఫోన్ చేసింది.

"ఏంటే సాఫ్ట్‌వేరూ, కొత్త కంప్యూటర్లో నా ఆట రావట్లేదు. ఓసారి వచ్చి చూడవే."

పిన్ని బడిలో టీచరు, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఆ ఆట ఆమె పెళ్ళికి ముందు మొదలెట్టింది. వీరుడి వేషంలో ఊరూరా తిరిగి, జనంతో మాట్లాడి, చివరికి రాక్షసుణ్ణి ఎదుర్కోవాలి. పాత కంప్యూటర్ పాడై సగంలో ఆగిపోయింది. (ఆ ఆటలో ఎవరింట్లోనైనా దూరి కత్తులూ కవచాలూ ఎత్తుకుపోవచ్చు. "దొంగిలించకూడదని పది ఆజ్ఞల్లో ఉంది కదే" అని పిన్ని ముట్టుకునేది కాదు. పాపం, ఆమె వీరుడు చేతికర్రతోనే తిరిగేవాడు.)

రేపల్లె బండెక్కి వెళ్ళి నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. పిన్ని వేసిన పెసరట్లు అయిపోయాయి గానీ తెర నల్లగానే ఉంది. చివరికి ఇంటర్నెట్‌లో వెతికితే తెలిసింది. ఆ ఆటమీద ప్రేమకొద్దీ ఎక్కడెక్కడివాళ్ళో కలిసి, దాన్ని లోపలినుంచి నడిపే ప్రోగ్రామును (ఇంజన్ అంటారు) కొత్తగా రాసి, ఎవరైనా చూసి దిద్దుకునేలా బయట పెట్టారట. మన పాత సీడీలోని బొమ్మలూ మాటలూ అందులో పెడితే సరి. పెట్టాం. వీరుడు కర్రతో సహా ప్రత్యక్షమయ్యాడు! పిన్ని కళ్ళు తుడుచుకుంది. కాసేపు ఆడాక ఆటలో ఓ ఏరు అడ్డొచ్చింది. పడవ కదిలి వెళ్ళిపోయింది, వీరుడు మాత్రం రేవులోనే ఉండిపోయాడు.

"ఎక్కించుకోకుండా పోతాడేంటే ఈ పడవవాడు? మళ్ళీ సగంలోనేనా?" అంది పిన్ని.

ఆ ఇంజన్ రాసినవాళ్ళకు సెలవుచీటీ అంత వినయంగా సంగతి రాశాను. ఏ దేశం నుంచో ఒకాయన, "బాగా పట్టుకున్నారు. మీరే సరిచేసి పంపకూడదా?" అన్నాడు. నాకొచ్చింది అక్షరదోషాలు దిద్దడమే. పిన్నికి చెబితే, "అడిగింది నిన్నేగా? చెయ్యి మరి" అంది. రోజూ ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే బాపట్ల రైల్లో ఆ ప్రోగ్రామే చదివాను. కొన్నాళ్ళకు అర్థమైంది, వీరుడు ఎక్కాడని ప్రోగ్రాము గుర్తుపెట్టుకోకముందే పడవ కదులుతోంది! ఆ వరస మార్చి పంపాను. ఓ సాయంత్రం నిడుబ్రోలు దాటాక ఫోన్‌లో జవాబొచ్చింది: "మీ దిద్దుబాటు చేర్చుకున్నాం, ధన్యవాదాలు." కేక పెట్టేశాను. ఎదురుగా చేపలబుట్టతో కూర్చున్న పెద్దావిడ ఉలిక్కిపడింది.

"ఏంటమ్మా, గవర్నమెంటు ఉద్యోగమొచ్చిందా?"

"లేదండి మామ్మా, పడవ కదిలింది!"

"ఏ రేవులో అమ్మా?" అంది ఆవిడ, ఎంతో ఆదుర్దాగా.

ఆదివారం ప్రార్థన కాగానే పిన్ని చర్చి చీరలోనే కంప్యూటర్ ముందు కూర్చుంది. వీరుడు ఎక్కాడు. పడవ కదిలింది. అవతలి ఒడ్డు కనబడగానే "స్తోత్రం!" అంటూ లేచి నిలబడింది. ఆ వేసవిలోనే ఆట పూర్తిచేసింది. ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి ఆడుతోంది. ఆ ఇంజన్‌ను ఇప్పటికీ ఎవరో ఒకరు దిద్దుతూనే ఉన్నారు.

నేనిప్పుడు పెద్ద ప్రోగ్రాములే రాస్తున్నాను. అవి పనిచేస్తే ఓ కాఫీ తాగి ఊరుకుంటాను. రైలు పెట్టెలో అంతమంది ముందు కేక పెట్టిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది.