ఎవరెస్టుకి తవిటమ్మ ఇచ్చిన గ్రేడు

తవిటమ్మకు ఈ లోకంలో ఏది చూసినా జీడిపప్పులాగే కనిపిస్తుంది. మనిషి కానీ, మబ్బు కానీ, పెళ్లిలో వడ్డించిన కూర కానీ, ఒక్క చూపు చూసి గ్రేడు వేసేయాల్సిందే. ఆ సంగతి కాశీబుగ్గలో అందరికీ తెలుసు. తెలియని సంగతి వేరే ఉంది. దాని మీద ఈ మధ్య ఒక పుకారు కూడా బయల్దేరింది. తవిటమ్మ నేపాల్ వెళ్లి, మంచుకొండలు చూపించే విమానమెక్కి, కొండల వైపు చూడకుండా జీడిపప్పు కొట్టు పరిచిందట! డబ్బు పోసి కొన్న కిటికీ సీటు వదిలేసి లేచిపోయిందట!

ఇందులో కొట్టు అబద్ధం. పప్పు నిజం. కిటికీ వదిలేసిన మాటా నిజమే. ఏది ఎంతవరకు నిజమో ఎవరో ఒకరు సరిచేయకపోతే మా వీధికే మాట వస్తుంది.

ముందు గ్రేడుల సంగతి. పలాసవాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెప్పాలి. విరగని పప్పు గుండు. రెండుగా విడిపోతే బద్ద. విరిగితే ముక్క. కాల్పులో నల్లబడితే మాడు. తవిటమ్మ ముప్పై ఏళ్లు జీడి ఫ్యాక్టరీలో కూర్చుని ఇవే ఏరింది. ఫ్యాక్టరీ మానేసింది కానీ ఏరడం మానలేదు.

నిమ్మాడలో పెళ్లి. తవిటమ్మ పక్కన, ఆమె మోచెయ్యి పట్టుకుని, ఎప్పటిలాగే రాణి కూర్చుంది. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీ, ఒకే వరస. రాణి నాలుగేళ్లు పెద్దది కాబట్టి తవిటమ్మకు అప్ప, అంటే అక్క.

"పెళ్లికొడుకెలాగున్నాడే?" అని రాణి అడిగింది.

"బద్దప్పా! ఎడం పక్కనుంచి సూత్తే బాగున్నాడు. కుడి పక్క మీసం కుదరనేదు."

పురోహితుడి మైకు పక్కనే ఉంది. పందిరంతా వినిపించింది. ఆ పెళ్లికొడుకు తాళి కట్టినప్పుడే కాదు, భోజనాల దగ్గర కూడా ఎడం చెంపే కనిపించేలా తిరిగి కూర్చున్నాడు. ఆల్బమ్ మొత్తం తిరగేసినా అతని కుడి చెంప దొరకదు.

టెక్కలిలో బీపీ డాక్టరుకు "సదువు బద్ద, రాత ముక్క" అని ఎదురుగానే పడింది. ఆ డాక్టరు అప్పటినుంచి మందుల చీటీ మీద అచ్చు అక్షరాలు రాస్తున్నాడు. పొగ కక్కుతూ వచ్చే సోంపేట బస్సుకు "మాడు". మనవరాలు యామిని కాలేజీకి ఫస్టు వచ్చి స్వీట్లు పట్టుకొస్తే, "బద్ద. ఇంకోపాలి రాయమను."

గుండు మాత్రం ఎవరికీ ఇవ్వదు. గుండు అంటే ఎక్కడా చిన్న చీలిక కూడా ఉండకూడదట. అలాంటిది ఫ్యాక్టరీ దాటాక తనకు కనిపించలేదట.

నోటి దురుసని ఊరంతా అనుకుంది. ఒక్క సంగతి మాత్రం ఎవరూ గమనించలేదు. ఎప్పుడూ ముందు "ఎలాగుందే?" అని రాణి అడుగుతుంది. ఆ తర్వాతే తవిటమ్మ గ్రేడు పడుతుంది.

రాణికి ఎనిమిదేళ్ల క్రితం నీటికాసులతో చూపు పోయింది. విశాఖపట్నం తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. చూడవచ్చిన వాళ్లంతా ఆమెకు దయగా చెప్పేవారు: చీర బాగుంది, మనవడు బాగున్నాడు, మామిడి పూత బాగుంది. రాణికి అన్నీ ఒకేలా ఉండేవి. ఆ బాగుండడంలో ఆమెకు ఏమీ కనిపించేది కాదు. ఒకరోజు తవిటమ్మ చిరాకుపడి, "మీ మనవడి ముక్కు బద్దప్పా, నడిమికి చిన్న గాటుంది" అంది. రాణి వేళ్లు తమంతట తామే కదిలాయి. బద్ద ఎలా ఉంటుందో, నడిమి గాటు ఎక్కడుంటుందో ఆ వేళ్లకు తెలుసు. చూపు పోయిన ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆమె ఒక మొహం చూసింది. అంతే, ఆ రోజునుంచి ఊళ్లో ఎవరికీ మినహాయింపు లేదు.

రాణి మాటిమాటికీ రుణపడిపోతున్నానంటుంది. తవిటమ్మ ఒప్పుకోదు. ఫ్యాక్టరీలో చేరిన మొదటి నెల తవిటమ్మ చేతిలో పడిన పప్పల్లా ముక్కయ్యేది. మేస్త్రీ ఇంటికి పంపేస్తానన్నాడు. పక్కన కూర్చున్న రాణి రోజూ తన తట్టలోంచి గుప్పెడు గుండ్లు తీసి ఆమె తట్టలో వేసేది. "ఆ గుప్పెడు నానింకా తిరిగియ్యనేదు" అంటుంది తవిటమ్మ.

ఇక విమానం. ఏరుడు హాలు గోడకు ఒక పాత క్యాలెండరు ఉండేది. సంవత్సరాలు మారినా దాన్ని ఎవరూ తీయలేదు. దాని మీద మంచుకొండలు. రాణి తల ఎత్తినప్పుడల్లా అవే కనిపించేవి. "ఇయ్యి నిజం కొండలేనా, నౌపడలో ఉప్పు రాసులా?" అని అడిగేది. కళ్లుండగా చూడాలనుకుంది, కుదరలేదు. ఇప్పుడు కాశీ, ఖాట్మండు యాత్ర అనగానే తవిటమ్మ ఇద్దరి పేర్లూ రాయించేసింది. బయల్దేరే ముందు రాణి అరసవల్లిలో తలనీలాలు ఇచ్చింది. చూపు రాకపోయినా, చూపించే మనిషిని ఇచ్చినందుకు.

ఖాట్మండులో యాత్ర నడిపే మహేష్ అడ్డుపడ్డాడు.

"రాణప్పకి విమానం టికెట్టెందుకు తవిటప్పా? ఏటి కనబడతాది? రూములో పడుకోమను."

"నీకు రెండు కళ్లున్నాయి గదా, నిన్న బస్సునెందుకు తప్పుదారిలో ఎట్టించినావు? నీ టూరు ముక్క!"

రాణి మధ్యలో తవిటమ్మ చెయ్యి పట్టుకుంది. "పోనీలేయే. నువ్వెల్లి సూసొచ్చి సెప్పు."

"నానొక్కదాన్నే సూత్తే మజా ఏటుంటాది? నోరుముయ్యప్పా."

మొదటి రోజు పొగమంచుకు విమానం లేవలేదు. రెండో రోజు కూడా అదే మంచు. ఆ మధ్యాహ్నమే బస్సు వెనక్కి బయల్దేరాలి. విమానాశ్రయంలో కుర్చీ మీద కూర్చుని రాణి పదిసార్లు "ఎలాగుందే?" అని అడిగింది. పదిసార్లూ తవిటమ్మ "మాడు" అంది. పదకొండోసారి, "బద్ద! ఎండొచ్చింది, లెగు!" అంది.

చిన్న విమానం. ప్రతి మనిషికీ ఒక కిటికీ ఇచ్చి, పక్క సీటు ఖాళీగా ఉంచారు. రాణిది మూడో వరస, తవిటమ్మది తొమ్మిదో వరస. విమానం గాల్లోకి లేచి బెల్టులు తీయవచ్చనగానే తవిటమ్మ తన కిటికీ వదిలేసి వచ్చి రాణి పక్కన కూర్చుంది. ఖాళీ అయిన కిటికీ దగ్గరికి, తపాలా ఆఫీసులో చేసి రిటైరైన జనార్దనరావు, ఫోను పట్టుకుని చేరాడు. ఆ రోజు రెండు కిటికీలు చూసినవాడు అతనొక్కడే.

తవిటమ్మ కొంగు ముడి విప్పింది. పలాసనుంచి మూటగట్టి తెచ్చిన పప్పు. ముందు సీటుకున్న బల్ల దించి, రాణి చెయ్యి దాని మీద పెట్టింది.

"ఇది మొదటి కొండ. బద్ద, నిలబడినట్టుంది. దీని పక్కన రెండు ముక్కలు, ఒకదాన్నొకటి ఆనుకున్నాయి. ఇక్కడ ఖాళీ. ఖాళీలో మబ్బు."

"మబ్బెలాగుందే?"

"పొట్టు. ఊదితే ఎగిరిపోద్ది."

రాణి ఒక చెయ్యి చల్లటి కిటికీ అద్దం మీద ఉంది. రెండో చెయ్యి పప్పు వరస మీద నెమ్మదిగా నడుస్తోంది. ఎక్కింది, దిగింది, ఖాళీలో ఆగింది, మళ్లీ ఎక్కింది. గోడ మీది క్యాలెండరు ఆమె వేళ్ల కిందికి దిగివచ్చింది.

"పెద్దదేదే?"

అంతలో ఎయిర్ హోస్టెస్ "ఎవరెస్ట్, ఎవరెస్ట్" అంటూ వచ్చింది. విమానంలో అందరూ ఒక్కసారి అటు ఒరిగారు. తవిటమ్మ రాణి భుజం మీదుగా వంగి చూసింది.

"ఓలమ్మా! మాడిపోనాదప్పా!"

"ఏటి మాడిపోనాది?"

"ఎవరెస్టు! సుట్టూ ఉన్నయ్యన్నీ తెల్లగున్నాయి. ఇది నల్లగుంది. గాలికి మంచు నిలబడదంట."

మూటలో వెతికి, ఉన్నవాటిలో పెద్ద మాడుపప్పు ఒకటి తీసి వరస మధ్యలో నిలబెట్టింది. రాణి వేలు దాన్ని తాకింది. గరుకుగా ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె పకపకా నవ్వింది. ఉన్ని టోపీ ఊపిరాడనివ్వక తీసేసింది. నవ్వుతూనే ఆ పప్పు పైకెత్తి నోట్లో వేసుకుంది. ఆమె తప్పేమీ లేదు. ఫ్యాక్టరీలో ఏరేవాళ్లు నోట్లో వేసుకోవడానికి మేస్త్రీ ఒప్పుకునేది మాడిన పప్పొక్కటే. ముప్పై ఏళ్ల అలవాటు.

"అప్పా! ఎవరెస్టు తినీసినావేటి!"

విమానం వెనక్కి తిరిగింది. కొండలు ఇప్పుడు అటు పక్క కిటికీల్లోకి వెళ్లాయి. తవిటమ్మ మెడ అటు సాచి, ఒక్కొక్కటి చూస్తూ, పప్పు వరసను తిరగేసి పేర్చుతూ కూర్చుంది. పైలట్ గదిలోంచి చూద్దురు రమ్మని ఒక్కొక్కరినీ పిలిస్తే కదల్లేదు. కదిలితే కొండలు దొర్లిపోతాయంది.

కాశీబుగ్గ తిరిగొచ్చాక జనార్దనరావు వీడియో ఫోన్లన్నిటికీ పాకింది. అందులో తవిటమ్మ కనిపించిన చోట ఆమె వీపు, పప్పు మూట తప్ప ఏమీ లేదు. పుకారు అలా పుట్టింది. పాల కేంద్రం దగ్గర ఆ మాట రాణి చెవిన పడింది. తన సంతోషమంతా నీరుగారిపోయింది. తనకు చూపించే ధ్యాసలో తవిటి సరిగ్గా చూడనే లేదా?

ఆ రోజు ఆమె "ఎలాగుందే" అని అడగలేదు. మర్నాడూ అడగలేదు. రెండు రోజులు మా వీధిలో ఎవరికీ గ్రేడు పడలేదు. కొత్త చీర కట్టుకున్న భాగ్యశ్రీ మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, ఉసూరుమంటూ ఇంట్లోకి పోయింది.

మూడో రోజు తవిటమ్మే టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. "ఏటైనాదప్పా నీకు? మూతి మాడు పెట్టుకున్నావు?"

రాణి ఇంకా వెంట్రుకలు మొలవని తల తడుముకుంది. గ్లాసు కింద పెట్టింది.

"నిజం సెప్పు తవిటీ. నా మూలంగా నువ్వు కొండలు సూడకుండా వచ్చీసినావా? అన్ని కొండల్లో ఒక్క గుండైనా సూసినావా, నేదా?"

తవిటమ్మ టీ ఒక గుక్క తాగి, తీరిగ్గా చెప్పింది.

"కొండలన్నీ బద్దలేనప్పా. గుండొక్కటే సూసినాను. టోపీ తీసీసి, నా పక్కన కూకుని, ఎవరెస్టు నమిలీసింది."