గంగాళంలో పాఠం

మా భావనపాడు బాలవాడీకి నీలవేణి టీచరు అరవై ఎనిమిదిలో వచ్చింది. నాకప్పుడు నాలుగేళ్లు, ఇందులో సగం మా అమ్మ చెప్పగా విన్నదే. ఆవిడ వంశధార ఒడ్డున వరి పండించే ఇంటి పిల్ల. కనబడిన ప్రతిదానికీ ఎందుకని అడిగే మనిషి. పీత పక్కకెందుకు నడుస్తుందని మా నాన్ననే నిలదీసిందట. పాట, బొమ్మ, ప్రశ్న మూడూ ఒకే పాఠంలో ఉండాలని ట్రైనింగులో చెబితే, ఆ మాట అక్షరాలా పట్టుకుంది.

ఒకరోజు గంగాళం నిండా నీళ్లు పోసి, మా చేత బంకమట్టితో తెప్పలు చేయించింది. ముద్దగా ఉన్నవి మునిగాయి, దొప్పలా ఒత్తినవి తేలాయి. ఎందుకో చూడమంది. మాకు చూడడం కంటే పాడడం ఇష్టం. "తెప్ప మునిగిందోయ్" అంటూ ఆవిడ కట్టిన పాట పాడుకుంటూ వీధులన్నీ తిరిగాం. అప్పుడు మా నాన్నలంతా సముద్రం మీద ఉన్నారు.

మగవాళ్లు చేపల వేటకెళ్లినప్పుడు మా ఇళ్లలో మునగడమనే మాట ఎవరూ అనరు. పొలాల మధ్య పెరిగిన పిల్లకి అదేం తెలుసు. మర్నాడు బాలవాడీకి ఒక్క పిల్లా రాలేదు. శనివారం బాలవాడీల పై అధికారి, ముఖ్యసేవిక, తనిఖీకి వస్తుంది. ఇరవై మంది లేకపోతే బాలవాడీ ఎత్తేస్తారు.

నీలవేణి తిన్నగా మా నానమ్మ దాలమ్మ దగ్గరికి వచ్చింది. నానమ్మ వల బాగుచేస్తోంది, తలెత్తలేదు.

"గుంటల సేత ఏటి పాడించినావే? సముద్రానికి సెవుల్లేవనుకున్నావా?"

"తెలీక సేసినానమ్మా. తప్పే."

నీలవేణి వల అంచు పట్టుకుని చూసింది. అడక్కుండా ఊరుకోవడం ఆవిడకి చేతకాదు.

"ఈ వల నీళ్లల్లో నిటారుగా ఎలాగ నిలబడతాది?"

నానమ్మకి కోపం ఉంది. తెలిసిన సంగతి అడిగితే చెప్పకుండా ఉండలేని జబ్బు కూడా ఉంది.

"పైన బెండ్లు పైకి లాగతాయి. కింద మట్టిగుళ్లు కిందికి లాగతాయి. సూడు."

మర్నాడు నానమ్మే ఓ చిరిగిన వలముక్క భుజాన వేసుకుని, నా రెక్క పుచ్చుకుని బాలవాడీకి బయల్దేరింది. ఆవిడని చూసి మిగతా ఇళ్ల తల్లులూ పిల్లలతో కదిలారు. మేం మట్టితో గుళ్లు చేసి వల అంచుకి కట్టాం. గంగాళంలో వల నిలబడింది. పసుపూ బొగ్గూ నూరి గోడ మీద ఆ బొమ్మ వేశాం.

శనివారం ముఖ్యసేవిక లెక్కపెడితే ఇరవై ఇద్దరం ఉన్నాం. తర్వాత ఆవిడ సంచిలోంచి కాగితం పడవ తీసింది.

"పుస్తకంలో పడవ పాఠం ఉంది కదా. రాళ్లు వేసి ముంచి చూపించు."

వాకిట్లో తల్లులు లేచి నిలబడ్డారు. నీలవేణి ఆ పడవ అందుకోకపోవడం మాత్రం నాకు నిజంగానే గుర్తుంది.

"అది ఇక్కడ చెయ్యనండి. వీళ్ల నాన్నలు వేటకెళ్లారు," అంది.

"చెప్పింది చెయ్యకపోతే నీ బదులు ఇంకొకరిని వేస్తాను."

మా నానమ్మ నెమ్మదిగా గడప దాటి లోపలికొచ్చింది.

"ఏసుకోండమ్మా. ఆ కొత్తావిడకి పిల్లల్ని కూడా మీరే తెచ్చుకోవాల."

ముఖ్యసేవిక ఇరవై ఇద్దరని రాసుకుని, పడవని సంచిలో పెట్టేసుకుంది.