చివర ఎవరండీ?

బందరులో నేను వెళ్ళే డాక్టరు గారి దగ్గర టోకెన్లుండవు. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే "చివర ఎవరండీ?" అని అడుగుతారు. ఒకరు చెయ్యెత్తుతారు. ఆ ముఖం గుర్తుపెట్టుకుని, ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. ఎవరికైనా తెలిసింది తన ముందున్న మనిషి ఒక్కరే. అయినా మొత్తం వరుస తప్పదు. గుడివాడ కాలేజీలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, నాకిది భలే ముచ్చట. క్లాసులో గొంతు చించుకుని చెప్పినా ఎక్కని ఈ వరుస లెక్క ఇక్కడ అందరికీ వచ్చు.

మొన్న సాయంత్రం ఆ వరుస చిక్కుపడింది. హంసలదీవి నుంచి ఒకమ్మాయి జ్వరంతో ఉన్న బిడ్డను తీసుకొచ్చింది. చివరనున్న పెద్దావిడను అడిగి, నీళ్ళ సీసా కొనడానికి బయటికెళ్ళింది. తిరిగొచ్చేసరికి అదే పెద్దావిడ వెనక తన వంతంటూ ఇంకొకాయన ఉన్నాడు.

"నేనడిగితే కూడా ఈవిడే చెయ్యెత్తారండి. అడిగి నేనూ ఫోను మాట్లాడ్డానికి బయటికెళ్ళాను," అన్నాడాయన.

"ఇద్దరూ అడిగారు. ఎవరు ముందో గుర్తులేదు నాయనా," అంది పెద్దావిడ.

"ఆరింటి బస్సు పోతే మా ఊరికి ఇంకేం లేదండి. ఇక్కడ నాకెవరూ లేరు," అంది అమ్మాయి.

నేనూరుకుంటానా? మందుల చీటీ వెనక చుక్కలు పెట్టి, గీతలు గీశాను. "మీరిద్దరూ ఆవిడ వెనకే, అది ఖాయం. మీలో మీకు మాత్రం ముందూ వెనకా తేలదు," అని వివరించాను. ఆయన తలూపాడు. అమ్మాయి గడియారం వైపు చూస్తోంది.

"మాస్టారూ, బొమ్మలు తర్వాత గీద్దురు గాని," అంది పెద్దావిడ. "మీ వంతు ఎప్పుడు?"

"ఇప్పుడు నేనేనండి."

"అయితే అమ్మాయిని పంపించి, మీరు ఈయన వెనక ఆమె చోటుకు రండి. మాకెవరికీ తేడా రాదు."

నిజమే. మారేది నా ఒక్కడి చోటే. అందరి వరుసా విప్పి చూపించినవాడికి ఆ ముక్క తట్టలేదు. లేచి అమ్మాయిని లోపలికి పంపాను.

ఐదున్నరకు బయటికొచ్చింది. బిడ్డను భుజాన వేసుకుని, నా ముందు ఆగి దణ్ణం పెట్టింది. "మీ మేలు మర్చిపోనండి," అంది. పెద్దావిడ పక్కనే కూర్చుని నవ్వుతోంది. ఆ దణ్ణం ఆవిడకు దక్కాల్సింది. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. నేనే తీసుకున్నాను.